మానేశానన్న మాటకు రక్తం చెప్పే సాక్ష్యం

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక పెద్దాస్పత్రికి 61 ఏళ్ల మహిళ కాలేయ మార్పిడి జాబితాలో పేరు రాయించుకోవడానికి వచ్చారు. సిర్రోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడే జబ్బు) ఉంది, షుగర్ అదుపులో లేదు. అంతకుముందు వేరేచోట చూపించుకున్నప్పుడు మూత్ర పరీక్షల్లో పదే పదే ఆల్కహాల్ కనిపించింది. తాగడం లేదని ఆమె ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. ముందు తాగుడు మాన్పించే చికిత్స తీసుకోమన్నారు. పిట్స్‌బర్గ్ డాక్టర్లు కూడా మొదట అలాగే అనుకున్నారు. తాగుతున్నారు, దాస్తున్నారు అని.

వాళ్లను ఆపింది, రిపోర్టులు ఒకదానితో ఒకటి పొసగకపోవడం. మూత్రంలో ఆల్కహాల్ దండిగా ఉన్నా మనిషిలో మత్తు ఛాయలు లేవు. రక్తంలో చూస్తే ఆల్కహాలే లేదు. మద్యం ఒంట్లోకి వెళ్తే శరీరం తయారుచేసే ఈటీజీ, ఈటీఎస్ అనే రెండు పదార్థాలు ఆ మూత్రంలోనే కనబడలేదు. అంటే ఆ ఆల్కహాల్ నోటి దారిన వచ్చింది కాదు. మూత్రంలో చక్కెర విపరీతంగా ఉంది, దానితోపాటు ఈస్ట్ కణాలూ బోలెడు ఉన్నాయి. ల్యాబులో ఆ మూత్రాన్ని శరీరపు వేడిలో ఉంచి చూస్తే అందులో ఆల్కహాల్ తయారవుతూ పోయింది. కాండిడా గ్లాబ్రాటా అనే ఫంగస్ ఆమె మూత్రాశయంలో కాపురం పెట్టి, షుగర్ జబ్బు వల్ల దిగుతున్న చక్కెరను పులియబెడుతోంది. కల్లు కుండలో జరిగే పనే, చోటు మారిందంతే. 2020లో అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో ఈ కేసు అచ్చయింది. ఆమెను మార్పిడి కోసం మళ్లీ పరిశీలనలోకి తీసుకున్నారు.

ఇలాంటి కేసు రోజూ తగిలేది కాదు. కానీ అది బయటపెట్టిన ఇబ్బంది మాత్రం రోజూ ఉండేదే. ‘ఆల్కహాల్ పాజిటివ్’ అని రిపోర్టులో ఉన్నప్పుడు ఏ పదార్థాన్ని వెతికారు, రక్తంలోనా మూత్రంలోనా, అది ఒంట్లో ఎన్నాళ్లుంటుంది అన్న మూడూ తెలియకపోతే ఆ మాటకు అర్థం లేదు. ఆ రిపోర్టు మీద ఒక మనిషికి కాలేయం దొరకడమా లేదా అన్నది ఆధారపడినప్పుడు మరీను.

అసలు ఇంత సోదా ఎందుకు? దానికి పెద్ద కారణం కొరత. చనిపోయినవారి నుంచి వచ్చే కాలేయాలు ఏ దేశంలోనూ జాబితాకు సరిపోవు. ఒకరికి ఇస్తే ఇంకొకరికి లేదన్నట్టే. అందుకే 1990లలో అమెరికాలో ‘ఆరు నెలలు మానేసి రండి’ అన్న నియమం పాతుకుపోయింది, అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. దీనికి రెండు సమర్థనలు చెప్పేవారు. ఒకటి, మద్యం మానేస్తే కొందరి కాలేయం దానంతటదే కోలుకుంటుంది, మార్పిడి అవసరమే రాకపోవచ్చు. ఇది నిజం, మానేసిన మొదటి కొన్ని నెలల్లోనే ఆ తేడా తెలుస్తుంది. రెండోది, ఆరు నెలలు ఆగగలిగినవాడు తర్వాతా ఆగుతాడని. ఈ రెండోదానికి బలం తక్కువ. ఆరు నెలలు ఆగి, మార్పిడి తర్వాత మళ్లీ మొదలుపెట్టినవాళ్లున్నారు. ఆరు వారాలే ఆగి, తర్వాత చుక్క ముట్టనివాళ్లూ ఉన్నారు.

2011లో ఫ్రాన్స్, బెల్జియం డాక్టర్లు ఆ నియమాన్ని పక్కనపెట్టి చూశారు. మద్యం వల్ల కాలేయం తీవ్రంగా వాచి, చికిత్సకు లొంగని 26 మందిని చాలా జాగ్రత్తగా ఎంచి, ఆర్నెల్లు ఆగమనకుండానే మార్పిడి చేశారు. ఆరు నెలల తర్వాత వారిలో 77 శాతం బతికున్నారు. మార్పిడి చేయని అలాంటి రోగుల్లో బతికింది 23 శాతం. మళ్లీ తాగినవారు ముగ్గురు, అదీ రెండేళ్లకు అటూ ఇటూ, ఇంకా ఆ తర్వాత. ఆ ఫలితాల తర్వాత చాలా కేంద్రాలు క్యాలెండర్ చూడడం తగ్గించాయి. కానీ క్యాలెండర్ పోతే దాని స్థానంలో ఇంకేదో కావాలి కదా. ఆ ఖాళీలోకి వచ్చినవే ఈ ల్యాబ్ పరీక్షలు.

ఇంకో కారణం మనిషి మాట. ‘మానేసి ఎన్నాళ్లయింది?’ అని డాక్టరు అడిగితే వచ్చే జవాబుకూ పరీక్షల్లో తేలేదానికీ పొంతన కుదరదని మార్పిడి కేంద్రాల్లో జరిగిన అధ్యయనాలు పదే పదే చూపించాయి. ఇందులో వింత లేదు. ‘మొన్న పెళ్లిలో ఒక పెగ్గు వేశాను’ అని నిజం చెబితే జాబితాలోంచి పేరు పోతుందని తెలిసినవాడు ఎందుకు చెబుతాడు? అబద్ధం చెప్పినందుకు రోగిని తిట్టుకోవడం తేలిక. నిజం చెబితే శిక్ష వేసే పద్ధతిని ఎవరూ పట్టించుకోరు.

పాత పరీక్షల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. జీజీటీ అనే ఎంజైమ్ పెరిగితే తాగుతున్నట్టు అనుకునేవారు. పిత్తం అడ్డుపడినా అది పెరుగుతుంది, కొన్ని మందులకూ పెరుగుతుంది. ఎంసీవీ, అంటే ఎర్ర రక్తకణం సైజు, తాగుబోతుల్లో పెరుగుతుంది. బి12 తగ్గినా పెరుగుతుంది, కాలేయ వ్యాధిలోనూ పెరుగుతుంది. పాడైన కాలేయం ఉన్న మనిషిలో ఇవి దాదాపు ఎప్పుడూ గతి తప్పే ఉంటాయి. కామెర్లతో వచ్చినవాడికి జీజీటీ చూసి తాగుతున్నాడనడం, జ్వరంతో వచ్చినవాడిని పట్టుకుని ఒళ్లు వేడిగా ఉంది కాబట్టి ఎండలో తిరిగాడనడం లాంటిది. ఊపిరి పరీక్ష, రక్తంలో నేరుగా ఆల్కహాల్ చూడడం బాగానే పనిచేస్తాయి గానీ కొన్ని గంటలే. రాత్రి తాగినవాడు మర్నాడు మధ్యాహ్నం ఓపీకి వస్తే శుభ్రంగా నెగటివ్.

వీటికంటే కాస్త తెలివైనది సీడీటీ. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్‌కు చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. ఎక్కువగా తాగేవారిలో ఆ గొలుసులు తగ్గుతాయి. అలా గొలుసులు తగ్గిన ట్రాన్స్‌ఫెరిన్‌నే సీడీటీ అంటారు. కానీ అది పెరగాలంటే రోజుకు 50 నుంచి 80 గ్రాముల ఆల్కహాల్ రెండు వారాల పాటు పడాలి. మన లెక్కలో చెప్పాలంటే, 180 మిల్లీలీటర్ల క్వార్టర్ విస్కీలో ఉండేది సుమారు 60 గ్రాములు. అంటే రోజూ క్వార్టర్ కొట్టేవాడినే సీడీటీ గుర్తుపడుతుంది, వారానికి రెండు పెగ్గులవాడిని వదిలేస్తుంది. పైగా కాలేయం బాగా చెడినప్పుడు తాగకపోయినా పెరగొచ్చు. ఎవరికోసం పరీక్ష అవసరమో వాళ్లలోనే నమ్మకం తక్కువ.

ఈటీజీ, ఈటీఎస్‌ల సంగతి వేరు. ఇవి కాలేయం చెడిందని చెప్పే గుర్తులు కావు, ఆల్కహాల్ ఒంట్లోంచి వెళ్లిందని చెప్పే గుర్తులు. తాగినదాంట్లో చాలావరకు కాలి బూడిదైనా, వెయ్యో వంతుకంటే తక్కువ భాగాన్ని శరీరం గ్లూకురోనిక్ ఆమ్లంతో కలిపి ఈటీజీగా, సల్ఫేట్‌తో కలిపి ఈటీఎస్‌గా మార్చి మూత్రంలోకి పంపుతుంది. కొంచెం తాగితే ఒక రోజు, బాగా తాగితే మూడు రోజులకు పైగా, ఎనభై గంటల దాకా మూత్రంలో కనబడతాయి. శుక్రవారం పార్టీ సోమవారం ఉదయం శాంపిల్లో దొరుకుతుందన్నమాట. జర్మనీలో మద్యం వల్ల సిర్రోసిస్ వచ్చినవారిని జాబితాలో చేర్చడానికి, చేర్చాక వెంబడించడానికి ఈ పరీక్షను నిబంధనల్లోనే పెట్టారు.

ఇంత చురుకైన పరీక్షకు అంతే చురుకైన ఇబ్బందులున్నాయి. మౌత్‌వాష్ పుక్కిలించినా, ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్ తాగినా, శానిటైజర్ గంటకోసారి రుద్దుకున్నా ఈటీజీ కొంత కనిపించొచ్చు. కొన్ని శానిటైజర్లలో ఉండేది ఇథనాల్ (మద్యంలో ఉండే ఆల్కహాల్) కాదు, ప్రొపనాల్. దాని తాలూకు పదార్థాన్ని కూడా చౌకరకం స్క్రీనింగ్ కిట్లు ఈటీజీ అనుకుని పొరబడతాయి. అందుకే మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల దగ్గర గీత గీయాలా, 500 దగ్గరా అన్న చర్చ ఎప్పుడూ ఉంటుంది. వంద దగ్గర గీస్తే చుక్క కూడా తప్పించుకోదు, కానీ శానిటైజర్ వాడిన నర్సమ్మ కూడా దొరికిపోవచ్చు. ఐదొందల దగ్గర గీస్తే అమాయకులు బయటపడతారు, మొన్న ఒక పెగ్గు వేసినవాడూ బయటపడతాడు. అమెరికా ప్రభుత్వ సంస్థ సాంసా 2006లోనే, ఈటీజీ ఒక్కదాని మీద ఆధారపడి ఎవరి మీదా చర్య తీసుకోవద్దని హెచ్చరించింది.

బ్యాక్టీరియా గొడవ ఇంకోటి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే ఈ.కోలై లాంటివి ఈటీజీని తినేసి, తాగినవాడిని నెగటివ్‌గా చూపగలవు. శాంపిల్‌లో చక్కెర, ఈస్ట్ ఉండి ఆల్కహాల్ తయారైతే అవే బ్యాక్టీరియా సీసాలోనే ఈటీజీని తయారుచేయగలవు కూడా. రెండు వైపులా పదునున్న కత్తి. ఈటీఎస్ మీద వాటి ప్రభావం అంతగా ఉండదు. అందుకే మంచి ల్యాబులు రెండూ కలిపి చూస్తాయి. కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే ఈ పదార్థాలు ఎక్కువ రోజులు నిలుస్తాయి, ముదిరిన సిర్రోసిస్‌లో కిడ్నీ దెబ్బతినడం మామూలే. ఇక పరీక్షకు ముందు రెండు లీటర్ల నీళ్లు తాగి వచ్చే తెలివితేటలు ఎక్కడైనా ఉంటాయి. మూత్రం ఎంత పలచబడిందో చెప్పే క్రియాటినిన్ కూడా చూస్తే అది పట్టుబడుతుంది. ఆ అంకె లేని ఈటీజీ నెగటివ్‌ను నెగటివ్‌గా లెక్కేయడం పొరపాటు.

ఇప్పుడు అందరి నోటా వినిపించేది ‘పెత్’. పూర్తి పేరు ఫాస్ఫటైడిల్ ఇథనాల్. 1983లో స్వీడన్ పరిశోధకులు మద్యం పట్టించిన ఎలుకల అవయవాల్లో మామూలుగా ఉండకూడని ఒక కొవ్వు పదార్థాన్ని చూశారు. తర్వాత అది మనుషుల రక్తంలోనూ కనబడింది. ఎర్ర రక్తకణం పొరలో ఫాస్ఫోలిపేస్ డి అనే ఎంజైమ్ ఉంటుంది. దాని మామూలు పని నీటి అణువుతో. పక్కన ఆల్కహాల్ ఉంటే అది నీటిని వదిలేసి ఆల్కహాల్‌ను పట్టుకుని పెత్‌ను తయారుచేస్తుంది. ఆల్కహాల్ లేకుండా ఇది తయారవదు. అదే దీని బలం. కాలేయం ఎంత చెడినా, కామెర్లు ఎంత ఉన్నా పెత్ దానంతటది పుట్టదు. శానిటైజర్, మౌత్‌వాష్‌లకు అది మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటేంతగా పెరగడం కూడా మామూలుగా జరగదు.

గీతలు రెండు. 2022లో ఈ రంగంలోని పరిశోధకులు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఒక ఒప్పందానికి వచ్చారు. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు ఉంటే మానేసినట్టు లేదా చాలా తక్కువ తాగుతున్నట్టు, 200 దాటితే బాగా తాగుతున్నట్టు. ‘బాగా’ అంటే మళ్లీ ఆ రోజుకు 60 గ్రాములే, మన క్వార్టరే. మధ్యలో ఉన్నదంతా తాగారని చెబుతుంది గానీ ఎంత అన్నది గట్టిగా చెప్పదు. ఒకే మోతాదు తాగిన ఇద్దరిలో ఒకరికి 90, ఇంకొకరికి 180 వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

మార్పిడి కేంద్రాల్లో పెత్‌ను చదవడంలో తరచూ జరిగే తప్పు ఇక్కడే. రక్తంలో దాని పరిమాణం సగానికి తగ్గడానికి సుమారు ఒక వారం పడుతుంది. మనిషిని బట్టి నాలుగు నుంచి పది రోజులు. లెక్క కోసం ఒక రోగిని అనుకుందాం. పొట్టలో నీరు చేరి ఆస్పత్రిలో పడ్డాడు, ఆ రోజు నుంచే మందు ముట్టలేదు. మొదటిరోజు పెత్ 640. రెండు వారాలకు 160. నాలుగు వారాలకు 40. ఐదో వారం పూర్తయ్యేసరికి ఇంకా 20 దగ్గరే. ఈ మనిషి నెల రోజులుగా నిజాయతీగా ఉన్నా నాలుగో వారం రిపోర్టు మీద ‘పాజిటివ్’ అనే ఉంటుంది. ఆ ఒక్క కాగితం చూసినవారు అబద్ధాలకోరు అంటారు. మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే మానేసిన రోజు దాదాపు కళ్లకు కడుతుంది.

ఇప్పుడు ఇంకో రోగి. మొదట 60, రెండు వారాలకు 90. రెండూ 200 లోపే, ‘మధ్యస్థం’ గడిలోనే. కానీ తగ్గాల్సిన చోట పెరిగింది. మధ్యలో తాగకుండా ఇలా జరగడం కష్టం. మొదటివాడి 160 కంటే రెండోవాడి 90 ఎక్కువ ఆలోచించాల్సిన అంకె. గీతకు పైనా కిందా అని చూస్తే తలకిందులయ్యే తీర్పు, అంకె ఏ దిక్కుకు నడుస్తోందని చూస్తే సరిగ్గా వస్తుంది. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు, కావలసింది రెండో శాంపిల్, ఓపిక. ఆ ఓపిక లేక ఒకే రిపోర్టుతో ఫైలు మూసేయడం పరీక్ష లోపం కాదు, పద్ధతి లోపం.

పెత్‌కు కూడా సందులున్నాయి. అది ఎర్ర కణాల్లో ఉంటుంది కాబట్టి ఎర్ర కణాల కథంతా దానికీ వర్తిస్తుంది. సిర్రోసిస్ రోగులకు అన్నవాహికలో రక్తనాళాలు చిట్లి వాంతుల్లో రక్తం పడడం, వెంటనే రెండు మూడు యూనిట్లు ఎక్కించడం మామూలు. రక్తమిచ్చినాయన ముందురోజు రాత్రి తాగి ఉంటే? బ్లడ్ బ్యాంకులో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి చూస్తారు, పెత్ చూడరు. దాత తాలూకు పెత్ రోగి రిపోర్టులోకి వస్తుంది. ఇది ఊహ కాదు, రక్తం ఎక్కించాక పెత్ పాజిటివ్ అయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఎదురు దిశలోనూ జరుగుతుంది. తాగనివాడి రక్తం ఎక్కితే, లేదా ప్లీహం ఉబ్బి ఎర్ర కణాలు తొందరగా నశిస్తుంటే, అంకె ఉండాల్సినదానికంటే తక్కువ కనిపించొచ్చు. కాబట్టి పెత్ రిపోర్టు పక్కన చివరిసారి రక్తం ఎక్కించిన తేదీ రాసి ఉండాలి. ఎన్ని ఫైళ్లలో అది ఉంటుందన్నది వేరే ప్రశ్న.

ఇంకో చిన్న విషయం. శాంపిల్‌లో ఆల్కహాల్ మిగిలి ఉంటే తీసిన తర్వాత కూడా సీసాలో పెత్ తయారవుతుంది. వేలి నుంచి రెండు చుక్కలు కాగితం మీద పట్టి ఆరబెట్టే పద్ధతిలో ఈ ఇబ్బంది తగ్గుతుంది, పోస్టులో పంపడానికీ వీలు. కానీ కొలవడానికి ద్రవ క్రోమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ కలిసిన ఖరీదైన యంత్రం కావాలి. ఇది సందు చివరి ల్యాబులో జరిగే పని కాదు.

వెంట్రుకల సంగతీ చెప్పాలి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి కుదురు నుంచి మూడు సెంటీమీటర్లు తీస్తే మూడు నెలల చరిత్ర దొరుకుతుంది. మిల్లీగ్రాము వెంట్రుకలో ఈటీజీ 30 పికోగ్రాములు దాటితే బాగా తాగుతున్నట్టు, 5 దాటితే అప్పుడప్పుడైనా తాగుతున్నట్టు. యూరప్‌లో డ్రైవింగ్ లైసెన్సు తిరిగివ్వడానికి కూడా దీన్ని వాడతారు. జుట్టుకు బ్లీచింగ్ చేయించినా, రసాయనాలతో స్ట్రెయిటెనింగ్ చేయించినా ఈటీజీ తగ్గిపోతుంది. మన దగ్గర ఇంకో అడ్డు ఉంది. జబ్బు పడ్డ మనిషి ఇంట్లోవాళ్లు మొక్కుకుంటారు, తిరుమలలో తలనీలాలు ఇచ్చి వస్తారు. మూడు నెలల చరిత్ర కల్యాణకట్టలో ఉండిపోతుంది. అతను సాక్ష్యం చెరిపేశాడని ఏ డాక్టరూ అనలేడు, అనకూడదు కూడా.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పరీక్షలకు ఇలాంటి స్థానిక చిక్కులు చాలానే ఉన్నాయి. ఆయుర్వేదంలోని ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసేవి, వాటిలో దానంతటదే పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది. ద్రాక్షారిష్టంలో పది శాతం ఉందనుకుని, రోజుకు రెండుసార్లు 30 మిల్లీలీటర్ల చొప్పున తీసుకుంటే దాదాపు ఐదు గ్రాములు, అంటే అర పెగ్గు. ‘లివర్‌కు మంచిది’ అని తాగుతున్న పెద్దాయనకు ఈటీజీ పాజిటివ్ వస్తే ఆయన మద్యం ముట్టలేదన్నదీ నిజమే, ఆల్కహాల్ తాగాడన్నదీ నిజమే. హోమియో చుక్కలు స్పిరిట్‌లో కలిపినవే, మోతాదు బహు తక్కువ అయినా. కల్లు సంగతి సరేసరి. ‘తాగుతారా?’ అంటే లేదు అనేవాడే, ‘కల్లు?’ అని విడిగా అడిగితే ‘అదెప్పుడూ ఉండేదేగా సార్’ అంటాడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటిన మగవారిలో తాగేవారు దేశంలో సుమారు 19 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం, తెలంగాణలో 43 శాతం. తెలంగాణ అంకె వెనక పండగకూ చావుకూ కూడా కల్లు ఉండే ఇళ్లున్నాయి. ఇంట్లో మద్యంగా లెక్కలేనిదాన్ని రక్తం మాత్రం లెక్కేస్తుంది. అందుకే పరీక్షకు ముందు అడిగే ప్రశ్న ‘మందు తాగుతారా?’ అని కాకుండా, సీసాల పేర్లు, సీరప్‌ల పేర్లు, లేహ్యాల పేర్లు చెప్పి అడిగే జాబితాగా ఉండడం మంచిది.

పరీక్ష పాజిటివ్ వచ్చి, అది నిజమేనని తేలింది. తర్వాత? ఇక్కడ ప్రపంచంలో ఏ రెండు కేంద్రాలూ ఒకేలా నడవవు. ఒకచోట పేరు తీసేస్తారు. ఇంకోచోట కొన్నాళ్లు నిలిపి ఉంచి, సైకియాట్రిస్టు దగ్గరికి పంపి, మళ్లీ పరీక్షలు చేసి చేరుస్తారు. తాగుడు ఒక జబ్బు అని వైద్యం ఒప్పుకుంటుంది. జబ్బు తిరగబెట్టడం జబ్బులో భాగమని కూడా ఒప్పుకుంటుంది. షుగర్ రోగి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) పెరిగితే మందు మోతాదు మారుస్తారు, ఆస్పత్రి నుంచి వెళ్లగొట్టరు. పెత్ పెరిగినప్పుడు మాత్రం వెళ్లగొట్టడమే మొదట గుర్తొస్తుంది. కాలేయాలు కొరతగా ఉన్న మాట నిజమే గానీ, పరీక్షను గేటు దగ్గర వాచ్‌మన్‌గానే పెట్టుకుంటే రోగులు దాన్ని తప్పించుకునే దారులే వెతుకుతారు. పెరిగిన అంకెను చూపించి ‘ఏం జరిగింది?’ అని అడగగలిగే చోట అదే పరీక్ష చికిత్సకు పనికొస్తుంది. ఇంకొకటి, ఏ అంకె అయినా గడిచిన రోజుల గురించే చెబుతుంది. మార్పిడి తర్వాత తాగుతాడా అన్నది దానికి తెలియదు. మద్యం వల్ల కాలేయం పోయి మార్పిడి చేయించుకున్నవారిలో సుమారు ఐదో వంతు ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ ముడతారని అధ్యయనాలను కలిపి చూసిన లెక్క. వారిలో అందరూ పాత స్థాయికి వెళ్లరు. ఇంట్లో తోడుందా, డిప్రెషన్‌కు చికిత్స జరుగుతోందా, తన జబ్బును తను ఒప్పుకున్నాడా అన్నవి ఆ భవిష్యత్తు గురించి రక్తపు చుక్క కంటే ఎక్కువ చెబుతాయి.

పాశ్చాత్య దేశాల్లో ఈ చర్చంతా మరణించినవారి కాలేయం చుట్టూ తిరుగుతుంది. అక్కడ అవతలి పక్షం జాబితాలో ఉన్న ముక్కూమొహం తెలియని రోగి. ఇక్కడ మరణించినవారి అవయవాలను రోగులకు అందించే జీవన్‌దాన్ లాంటి పథకాలున్నా, దేశంలో జరిగే కాలేయ మార్పిడుల్లో ఎక్కువ భాగం బతికున్న దాతలవే. చట్టం ప్రకారం దగ్గరి బంధువులు. ఎక్కువగా భార్య, తల్లి, కొడుకు, కూతురు. కుడివైపు భాగం ఇచ్చే దాత తన కాలేయంలో దాదాపు అరవై శాతం ఇచ్చేస్తారు. అది కొన్ని నెలల్లో తిరిగి పెరుగుతుంది గానీ, ఆపరేషన్‌లో దాత ప్రాణానికి ముప్పు వెయ్యికి రెండు నుంచి ఐదు దాకా ఉంటుందని వైద్యులు చెప్పే లెక్క. కాబట్టి ఇక్కడ కొరతలో ఉన్న వస్తువు జాబితాలోని కాలేయం కాదు, ఇంటి మనిషి ఒళ్లు.

దాంతో పరీక్ష చుట్టూ ఉన్న లెక్కలు మారిపోతాయి. మామూలుగా రోగి మాట నమ్మలేనప్పుడు డాక్టరు ఇంట్లోవాళ్లను అడుగుతాడు. ఇక్కడ అడగాల్సిన భార్యే దాత. ఆమె ‘మానేశాడండీ, నేను చూస్తున్నాగా’ అంటే అది సాక్ష్యమా, ఆశా, అత్తింటివాళ్ల ఒత్తిడా? అతను బతకాలంటే తాగలేదని ఆమే చెప్పాలి. తాగాడని చెబితే ఆపరేషన్ ఆగిపోతుంది, తప్పు ఆమె మీద పడుతుంది. ఇలాంటిచోట ల్యాబ్ పరీక్ష ఆమెకు మేలు చేస్తుంది. భర్తమీద చాడీ చెప్పే భారం ఆమె నెత్తిన లేకుండా ఒక అంకె ఆ పని చేస్తుంది.

కానీ ఆ అంకె ఎవరిది? చట్టప్రకారం, వైద్యనీతి ప్రకారం రోగి రిపోర్టు రోగిదే. అతను ఒప్పుకోకుండా ఇంకొకరికి చెప్పకూడదు. అదే సమయంలో దాత ఇచ్చే అంగీకారం అన్నీ తెలిసి ఇచ్చినదై ఉండాలన్నదీ నియమమే. తన కాలేయంలో అరవై శాతం ఎలాంటి ఒంట్లోకి వెళ్తోందో తెలియకుండా సంతకం పెట్టడాన్ని అన్నీ తెలిసి ఇచ్చిన అంగీకారం అనగలమా? చాలా కేంద్రాలు రోగి చేత ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకుని దీన్ని దాటుతాయి. దాత తరఫున మాట్లాడే వేరే డాక్టరును పెట్టి, దాత వద్దంటే ‘వైద్య కారణాల వల్ల కుదరదు’ అని కుటుంబానికి చెప్పే మర్యాద కూడా ఉంది. ఆ అనుమతి కాగితం లేనిచోట మాత్రం రిపోర్టు ఓపీలో రోగి చేతికి వెళ్తుంది. 60 ఉన్నది 90 అయింది. అతను దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. రెండు గదుల అవతల ఆమె సీటీ స్కాన్ కోసం పరగడుపున కూర్చుని, టోకెన్ నంబరు పిలుస్తారేమోనని చూస్తూ ఉంటుంది.